మూత తీయని కుండలు

గాలి ఎటు వీస్తే అటు వాసన పోతోంది. సుంకులమ్మకు అదే దిగులు.

గుడిసె వెనక కొట్టంలో కోసిన గంజాయి కొమ్మలు తలకిందులుగా వేలాడుతున్నాయి. చౌడమ్మవ్వ ఎట్లా చెప్పిందో అట్లాగే కట్టింది సుంకులమ్మ. ఎండ పొడ తగలనివ్వలేదు. పెద్ద ఆకులు గిల్లేసి పూతగుత్తులు మాత్రం ఉంచింది. కొమ్మకూ కొమ్మకూ మధ్య చెయ్యి దూరేంత సందు పెట్టింది. గాలి ఆడాలని గోడల బదులు తడికెలు నిలబెట్టింది. ఆ తడికెల్లోంచే వాసన బయటికి పోతోంది.

చౌడమ్మవ్వ ఆ కొండ మీది బైరాగి మఠానికి పెద్ద. మఠం అంటే రెండు గుడిసెలు, ఎప్పుడూ ఆరని ధుని నిప్పు, నీళ్ల దొన. అంతే. ఆ కాలంలో బైరాగుల గుడిసెల వెనక గంజాయి మొక్కలు ఉండడం వింత కాదు. మొదటి చిలుం శివుడికి, తర్వాత వచ్చిపోయేవాళ్లకు. అవ్వ మాత్రం ముట్టేది కాదు. కడుపులో గడ్డ లేచాక ముట్టక తప్పలేదు. మధ్యాహ్నం గంజి తాగిందంటే చాలు, నొప్పి మొదలయ్యేది. చాప మీద చిన్నపిల్ల మాదిరి ముడుచుకుపోయేది. ఒక చిలుం పడితే పొద్దు వాలేసరికి లేచి కూర్చునేది. వైద్యుడు వచ్చి చూశాడు, చేతులు కడుక్కుని కొండ దిగిపోయాడు. ఇక అవ్వకు ఉన్నదల్లా ఆ ఆకే.

"వాసన పోయిందంటే అది గడ్డేనే. ఎద్దుకు వెయ్యి" అనేది అవ్వ.

సుంకులమ్మ ఇద్దరు బిడ్డల్ని మట్టిలో పెట్టి, మొగుడు ఇంకొకతెను తెచ్చుకుంటే కొండెక్కిన మనిషి. అవ్వ ఆమెను ఏమీ అడగలేదు. "నీళ్లు తెస్తావా?" అంది. తెచ్చింది. అప్పటినుంచీ శిష్యురాలు.

ఆ ఏడు పూత బాగా పట్టింది. కట్టెలకు కొండెక్కిన ఆడవాళ్లలో ఒకామె ముక్కెగరేసి అంది:

"ఏం వాసనమ్మో! కొండ కింద మడికట్ల దాకా వస్తా ఉండాది. మా అత్త నిద్రపోతా నవ్వుతా ఉండాది పో!"

అందరూ నవ్వారు. సుంకులమ్మకు నవ్వు రాలేదు. మడికట్ల దాకా పోయిన వాసన మళ్లీ కొండెక్కి వస్తుందా? అట్లా పోయిందంతా అవ్వ వాటాలోది కాదూ? ఎవరి అత్తో నవ్వడానికి అవ్వ నొప్పికి పెట్టుకున్న మందు గాలిలో పోతోందే!

దానికితోడు ముసురు పట్టింది. గాలి తడిగా కొట్టింది. సుంకులమ్మ కొట్టంలోకి పోయి ఒక కాడ వంచి చూసింది. టప్పున విరగాలి. విరిగితేనే కుండకెత్తాలి. అది విరగలేదు, వంగింది. ఇంకొకటి వంచింది. అదీ వంగింది.

విరిగేదాకా ఆగితే ఏం మిగులుతుంది అనుకుంది.

గుత్తులన్నీ కోసి కొట్టంలోనే మూడు కుండల్లోకి ఎత్తింది. మూతలు పెట్టి, చుట్టూ పేడా మట్టీ కలిపి సందు లేకుండా మెత్తింది. ముక్కు ఆనించి చూసుకుంది. ఏ వాసనా రాలేదు. ఎన్నాళ్లకో గుండెనిండా ఊపిరి పీల్చుకుంది.

"కుండకెత్తినావా?" అని అడిగింది అవ్వ.

"ఎత్తినా అవ్వా."

"రోజూ పొద్దున్నే మూత తీసి కాసేపు పెట్టు. దానికీ గాలి కావాల. మళ్లా మూయి. కొన్నాళ్లకు అదే కుదురుకుంటాది."

"అట్లే అవ్వా."

తెల్లారి మూత తీయబోయింది. చెయ్యి మట్టి మీద పెట్టి ఆగిపోయింది. రాత్రంతా లోపల ఊరిన వాసన తీసీ తీయగానే గుప్పున పోతుంది. పోయింది మళ్లీ లోపలికి రాదు. రేపు తీద్దాంలే అనుకుంది.

"కుండలు తెరిచినావా?"

"తెరిచినా అవ్వా."

మర్నాడు కూడా అవ్వ అడిగింది. సుంకులమ్మ అదే చెప్పింది. రోజూ పొద్దున లేవగానే అవ్వ మొదటి మాట అదే, సుంకులమ్మ మొదటి అబద్ధమూ అదే. రానురాను నోరు దానికదే పలికేది. అవ్వ "సరే" అని అటు తిరిగి పడుకునేది.

పాత ఆకు అయిపోయిన రోజున సుంకులమ్మ స్నానం చేసి, ధునిలోంచి విబూది పెట్టుకుని, మొదటి కుండ మట్టి గీకింది. మూత ఎత్తింది.

తడిసిన చొప్ప కుళ్లిన కంపు మొహాన కొట్టింది. చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది. గుత్తులు ముద్దకట్టి, మీద తెల్లటి బూజు పట్టి ఉన్నాయి. రెండో కుండా అంతే. మూడో కుండ తీసేముందు కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకుంటే కంపు ఆగుతుందా.

ఆ మధ్యాహ్నం అవ్వకు నొప్పి వచ్చింది. చిలుం కోసం చెయ్యి చాపింది. సుంకులమ్మ కదలలేదు. చాపిన చెయ్యి కొంచెంసేపు గాలిలో ఉండి, కిందికి దిగింది. సుంకులమ్మ లేచి బయటికొచ్చి, మూలుగు వినబడనంత దూరం పోయి, రాయి మీద కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే కొండ దిగి, వంక దాటి, మాదయ్య మఠానికి పోయింది. మాదయ్య కూడా బైరాగే. నోరు కొంచెం పెద్దది. పోయిన శివరాత్రికి ఆయన తెచ్చిన ఆకు చూసి "ఇది ఆకా, బర్రెల మేతా?" అని సుంకులమ్మ నలుగురిలో అనేసింది.

దూరం నుంచే చూసి మాదయ్య రెండు చేతులూ జోడించాడు.

"రాండి రాండి, వాసనల తల్లీ! బర్రెల కొట్టానికి దారి తప్పొచ్చినట్లుండారే!"

"తప్పే మామా. నోటి తీట."

"తీట ఎంత బాగా దించుకుంటివి! ఆ పొద్దంతా నా చిలుం ఎవురూ ముట్టలేదు, తెలుసునా?"

సుంకులమ్మ నేల చూస్తూ నిలబడింది. "ఆకు కావాల మామా. ఆ మేతైనా సరే."

"మీ కుండలు ఏమాయె?"

"బూజు పట్టె."

"నీ చేతిలోనా!" మాదయ్య తొడ చరిచి నవ్వాడు. "పచ్చిమీద మూసినావా? చిన్నపిల్లోడు కూడా మూయడే!"

"అవ్వకు లేదు మామా. నిన్న మధ్యాహ్నం వట్టిదే ఓర్చుకుండె."

మాదయ్య నవ్వు సగంలో ఆగిపోయింది. లోపలికి పోయి కుండ తెచ్చాడు. ఆమె ముందు బోర్లించి అడుగు తట్టాడు. కాస్త ధూళి, నాలుగు విత్తనాలు రాలాయి.

"ఉంటే ఇయ్యనా బిడ్డా? దేశాంతరం పోయే బైరాగుల గుంపు దిగి మొత్తం ఊదేసి పాయిరి." విత్తనాలు ఏరి ఆమె ముందు చెయ్యి చాపాడు. "ఇవి కొండబో. చల్లుకుంటే మళ్లా కార్తీకానికి కోతకొస్తాది."

"అవ్వకు కార్తీకం లేదు మామా."

మాదయ్య చెయ్యి ముడుచుకున్నాడు.

తిరుగుదారిలో వంకలో నీళ్లు ఉన్నాయి. మోకాలి లోతు. ఇంకాస్త లోతున్నా బాగుండు అనుకుంది సుంకులమ్మ. ఇద్దరు బిడ్డలు పోయినప్పుడు ఏడ్చింది, మొగుడు వెళ్లగొట్టినప్పుడు తిట్టింది. ఇప్పుడు ఏడుపూ రాలేదు, తిట్టుకుందామన్నా మాట రాలేదు. పట్టుకుందామన్నదల్లా తన చేతిలోనే చెడిపోతుంది. ఇది దేవుడు చేసిందీ కాదు, ఇంకొకరు చేసిందీ కాదు.

ఇంక కొండ మీద ఉండకూడదనుకుంది. తను ఉండి మాత్రం ఏం చేస్తుంది? నొప్పి చూస్తుంది. అంతేగా.

పైకి వచ్చి దొన నుంచి రెండు బిందెలు నీళ్లు తెచ్చింది. గంజి కాచింది. గడప పక్కన పరిచిన అవ్వ చాపకు చెయ్యందే దూరంలో నీళ్ల చెంబు పెట్టింది. తన కోక ఒకటి, గాజుల డబ్బా మూటకట్టి చంకన పెట్టుకుంది. చెప్పకుండా పోదామనుకుంది గానీ కాళ్లు గుడిసె ముందు నిలబడ్డాయి.

"ఏం తెచ్చినావే?" అంది అవ్వ, కళ్లు తెరవకుండానే.

"ఏమీ లేదవ్వా. మాదయ్య మామ కాడ కూడా లేదు."

"ఊఁ."

సుంకులమ్మ గుమ్మం గుంజ పట్టుకుంది. "అవ్వా, నేను కుండలు తెరవలేదు. ఒక్క పొద్దు కూడా. నీకు రోజూ అబద్ధమే చెప్పినా."

"తెలుసు."

"తెలుసునా? ఎట్లా?"

"తెరిచింటే నాకు వాసన వచ్చేది గదే. పడుకున్నది ఈడే, కొట్టం పక్కనే గదా."

సుంకులమ్మ అరిచినట్టే అంది: "తెలిసి ఎందుకు ఊరుకుంటివి? ఒక్క మాట అడగగూడదా అవ్వా?"

"రోజూ అడిగినా గదే" అంది అవ్వ.

అంతలో నొప్పి వచ్చింది. అవ్వ మోకాళ్లు పైకి లాక్కుంది. సుంకులమ్మ బయటికి తిరిగింది. రాయి దాకా పోతే వినబడదు. ఆ పక్కనుంచే కొండ దిగే దారి.

వెనకనుంచి అవ్వ చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ ఎముకల చేతిలో అంత పట్టు ఎక్కడుందో! సుంకులమ్మ గడపలోనే కూలబడింది. మూట చంకలోంచి జారి పక్కన పడింది.

అవ్వ మూలిగింది. పళ్లు కొరికింది. ఒకసారి ఎప్పుడో చచ్చిపోయిన అమ్మను పిలిచింది. నొప్పి వచ్చినప్పుడల్లా పట్టు బిగిసింది, గోళ్లు దిగబడ్డాయి. తగ్గినప్పుడు సడలింది గానీ వదల్లేదు. సుంకులమ్మ చెయ్యి లాక్కోలేదు. చెవులు మూసుకుందామంటే ఒక చెయ్యే మిగిలింది. దానితో అవ్వ నుదుటి చెమట తుడిచింది. అంతకుమించి చేయడానికి ఏమీ లేదు. చిలుం చల్లగా మూలన పడి ఉంది. గంజి తొరక కట్టింది.

పొద్దు వాలింది. అవ్వ ఊపిరి కొంచెం కుదుటపడింది. వేళ్లు ఒక్కొక్కటే విడిచాయి. సుంకులమ్మ చేతి మీద గోళ్లు దిగిన చోట నెత్తురు ఊరి, చుట్టూ కమిలిపోయి ఉంది.

అవ్వ ఆ చేతిని వెలుతురులోకి తిప్పి చూసింది. పక్కన పడిన మూటనూ చూసింది. చెంబులో నీళ్లు కాసిని పోసి గాయం కడిగింది.

"రేపు ఎడమ చెయ్యి ఇయ్యి" అంది. "ఇది కాస్త మానాల."