నూకరాజు బరువు

అనకాపల్లిలో పరదేశినాయుడు అని ఒక మెకానిక్కు ఉండేవాడు. చేతిలో పనితనం ఎంత ఉండేదో, మొదలుపెట్టిన పని ఎక్కడ ఆపాలో తెలియనితనం కూడా అంతే ఉండేది.

ఆ పనితనం గురించి చెప్పాలంటే మామూలు మాటలు సరిపోవు. యలమంచిలి దగ్గర లారీ దగ్గితే, అనకాపల్లిలో టీ తాగుతున్న పరదేశినాయుడు గ్లాసు కిందపెట్టి, దానికి ఏ వాల్వు పోయిందో చెప్పేవాడు. అతను బానెట్టు మీద చెయ్యి వేస్తే ఇంజనే తన రోగం తాను చెప్పుకునేదట. కొన్ని మొండి ఇంజన్లయితే అతను వీధి మలుపు తిరగడం చూసే బాగైపోయేవట.

అలాంటివాడికి ఒక కారు దొరికింది. అది కిట్టు కారు. అంటే కంపెనీలో తయారై వచ్చేది కాదు, పెట్టెల్లో ముక్కలుగా వస్తే కొన్నవాళ్లే బిగించుకునేది. ఎవరో ఆఫీసరు సరదాపడి తెప్పించుకుని, సగం బిగించి, బదిలీ అయి వెళ్లిపోయాడు. పైన ఫైబరు ఒళ్లు, వెనకాల బుల్లి ఇంజను. ఆ ఇంజనుకి రేడియేటరు లేదు, నీళ్లు పొయ్యక్కర్లేదు. ఒక ఫ్యాను గాలి కొడుతూ ఉంటే ఆ గాలికే చల్లబడుతుంది. పరదేశినాయుడు వెళ్లి చూసేసరికి డ్రైవరు సీట్లో ఒక కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది. పిల్లలు లేచేదాకా ఆగుదామన్నాడు అతని బావమరిది నూకరాజు. సరే అని ఆగారు. పిల్లలు లేచాకనే కారును లారీ ఎక్కించి షెడ్డుకి తెచ్చుకున్నారు.

నూకరాజు అలాంటి మనిషి. పరదేశినాయుడి భార్య వరహాలమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే అక్కాబావల దగ్గర పెరిగాడు. స్టీరింగు పట్టడం బావ ఒళ్లో కూర్చునే నేర్చుకున్నాడు. పెద్దయ్యాక లారీ నడిపేవాడు. ఒకసారి అరకు ఘాట్‌లో ఎదురుగా బస్సొస్తే, నిండు లోడు లారీని కొండ అంచున కిలోమీటరు వెనక్కి నడిపాడట. లోపల నిద్రపోతున్న క్లీనరు పక్కకి కూడా ఒత్తిగిలలేదట. గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రానంత మనిషి. తిండి కూడా దానికి తగ్గట్టే ఉండేది. వాడు భోజనానికి కూర్చున్నాడంటే వరహాలమ్మ ముందుగానే రెండో ఎసరు పెట్టేసేది.

ఊరికి దూరంగా జీడితోటల మధ్య, ఎప్పటి యుద్ధంలోనో విమానాల కోసం వేసి వదిలేసిన రన్‌వే ఒకటి ఉండేది. ఏటా ఎండలు ముదిరే వేళకి, చుట్టుపక్కల బళ్ల పిచ్చి ఉన్నవాళ్లంతా అక్కడ చేరి, నూనె పీపాలు పేర్చి మలుపులు చేసి, చుట్ల పందెం నడిపేవారు. పరదేశినాయుడు ఆ కోడిగూటిని విప్పి, తోమి, మళ్లీ బిగించి, మొదటి ఏడాదే పందెంలో దింపాడు. నూకరాజు దాన్ని నడిపిన తీరుకి జీడిచెట్ల మీది కాకులు కూడా నోరు తెరుచుకుని చూశాయంటారు. అయినా రెండో స్థానమే దక్కింది. ఒక కాఫీ తోటల యజమాని ఎర్ర కారు మూరెడు ముందుగా గీత దాటింది.

పందెం అయ్యాక ఆ యజమాని వచ్చి నూకరాజు భుజం తట్టాడు. బండి చాలా బాగుందని, కాస్త బరువుందేమో చూసుకోమని, మంచి మనసుతోనే చెప్పి వెళ్లాడు. నూకరాజు ఆ మాట అక్కడికక్కడే మరిచిపోయాడు. పరదేశినాయుడి తలలో మాత్రం అది మేకులా దిగిపోయింది.

ఇక ఏడాదంతా ఆ కారు ఒంట్లోంచి బరువు తీశాడు. తలుపులు పీకేశాడు. అద్దాలు తీసి పల్చటి ప్లాస్టిక్కు రేకు పెట్టాడు. సీటులో పీచు లాగేసి ఉత్త అల్యూమినియం చట్రం ఉంచాడు. బంపరు పోయింది, స్టెప్నీ పోయింది, హారను కూడా పోయింది. హారను ఎందుకు తీశావని ఎవరో అడిగితే, మన ముందు ఎవడైనా ఉంటే కదా కొట్టడానికి అన్నాడు. తర్వాత డ్రిల్లు మిషను పట్టాడు. చాసిస్‌కి చిల్లులు, పెడళ్లకి చిల్లులు, ముందు అడ్డబద్దకి చిల్లులు. గాలి వీస్తే ఆ కారు పిల్లనగ్రోవిలా పాడేదంటే నమ్మాలి. షెడ్డులో రాలిన ఇనప పొట్టు ఎత్తడానికి ఎడ్లబండి రావలసి వచ్చింది.

ఇంజను మీది రేకుల జోలికి మాత్రం పోలేదు. ఫ్యాను గాలిని ఇంజను చుట్టూ తిప్పేవి ఆ రేకులే. అవి తీసేస్తే బండి తేలికవుతుంది గానీ ఇంజను ఉడికిపోయి చచ్చిపోతుంది. ఏది లేకపోతే ఇంజను బతకదో పరదేశినాయుడికి తెలిసినట్టు మూడు జిల్లాల్లో ఎవరికీ తెలియదు.

కాస్త తీసినప్పుడల్లా కారును బెల్లం మార్కెట్టుకి తోసుకెళ్లి, లారీలు తూచే కాటా మీద ఎక్కించేవాడు. ముల్లు కొంచెం వెనక్కి జరిగితే ఆ పూట అతని మొహం వెలిగిపోయేది. బెల్లం పాకంలా మరిగించి మరిగించి చివరికి గిన్నెకి అంటించేస్తావా ఏటి నాయుడూ అని కాటా గుమాస్తా వేళాకోళం ఆడేవాడు. అలా చేసి చేసి, ఒక రోజు ముల్లు వెనక్కి జరగడం మానేసింది. ఇంక తియ్యాలంటే చక్రాలే తియ్యాలి.

పరదేశినాయుడి మొహం వాడిపోయింది. బావ అలా ఉంటే నూకరాజు చూడలేడు. నవ్విద్దామని ఒక్క గెంతు గెంతి సీట్లో కూర్చున్నాడు.

"చూడు బావా, పెళ్లికొడుకెక్కితే పల్లకీ ఎలా ఊగుతాదో."

కాటా ముల్లు గిర్రున తిరిగింది. చుట్టూ ఉన్న జనం నవ్వారు. పరదేశినాయుడు నవ్వలేదు. ముల్లు వంక చూశాడు. తర్వాత నూకరాజు వంక చూశాడు. ఏడాదిగా ఒక్కొక్క బోల్టునీ ఎలా చూస్తున్నాడో అలాగే చూశాడు.

"ఏరా, నువ్వెంతుంటావు?" అని అడిగాడు.

"అక్క పెట్టినంత."

"కాస్త తగ్గగలవా?"

నూకరాజు నవ్వు ఆపి బావ మొహంలోకి చూశాడు. "నీకు పనికొస్తాదంటే తగ్గుతాను" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి వాడి కంచంలో అన్నం సగమైంది. ఆ తర్వాత అందులో సగమైంది. నెయ్యి మానేశాడు, పప్పు మానేశాడు, రాత్రిపూట మజ్జిగతో సరిపెట్టాడు. మునుపు వాడి దెబ్బకి అడుగంటిపోయే గిన్నెలు ఇప్పుడు నిండుగా మిగిలిపోయేవి. వరహాలమ్మ అన్నం గరిటె పట్టుకుని వెంటపడితే, ఆకలి లేదక్కా అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆవిడ ఒకరోజు గరిటె పట్టుకునే షెడ్డులోకి వచ్చింది.

"ఇనుముకి చిల్లులేశారు, ఊరుకున్నాను" అంది మొగుడితో. "వాడు నా తమ్ముడు. వాడికెక్కడ చిల్లేద్దామని?"

పందెం దాకానే కదా, ఆ తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు మేపుకోమన్నాడు పరదేశినాయుడు. అన్నప్పుడు ఆవిడ వంక చూడలేదు.

చూడనట్టు ఊరుకున్నది అదొక్కటే కాదు. కారును తోసేటప్పుడు నూకరాజు మధ్యలో రెండుసార్లు ఆగి గోడకి ఆనుకునేవాడు. నిలబడి టీ తాగలేక ఎక్కడ దొరికితే అక్కడ కూర్చుండిపోయేవాడు. పరదేశినాయుడికి ఇవన్నీ కళ్లబడేవి. ఒక్కోసారి ఇంక తిను అనబోయి నోటిదాకా తెచ్చుకునేవాడు కూడా. ఈలోగా కాటా మీద ముల్లు ఇంకో గీత వెనక్కి జరిగేది. ఆ మాట మళ్లీ లోపలికి పోయేది. నూకరాజేమో నవ్వించడం మానలేదు. ఇంకాస్త తగ్గితే స్టీరింగే నన్ను తిప్పుతాది బావా అనేవాడు.

పందెం రోజు ఎండ ఎలా కాసిందంటే, రన్‌వే మీద పడ్డ జీడిగింజలు వాటంతట అవే వేగిపోయాయి. వరహాలమ్మ క్యారేజీ కట్టి పంపింది. పెరుగన్నం, పైన మాగాయ ముక్క. కారు పక్కన కూర్చుని నూకరాజు మూత తీశాడు. చాలాసేపు వాసన చూశాడు. తర్వాత బావ వంక చూశాడు.

ఆ చూపులో ఏముందో పరదేశినాయుడికి తెలుసు. వాడు అడుగుతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక తన కోసమని బావను వాడు అడిగినది అదొక్కటే.

"గెలిచాక తిందువుగాని" అన్నాడు పరదేశినాయుడు.

నూకరాజు మూత పెట్టేశాడు.

జెండా ఊపగానే ఆ కారు పరిగెత్తలేదు, ఎగిరింది. మిగతా కార్లు దాని వెనక ఎడ్లబళ్లలా కనపడ్డాయి. ఎర్ర కారు మొదటి చుట్టులోనే దుమ్ములో కలిసిపోయింది. దాని యజమానే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. జనం పరదేశినాయుణ్ని భుజాల మీదికి ఎత్తేశారు. ఆ ఎత్తు నుంచి అతను చివరి చుట్టు మొత్తం చూశాడు. నూనె పీపాలు వరసగా పేర్చిన మలుపు దగ్గరికి కారు వచ్చింది. అక్కడ తిరగాలి.

కారు తిరగలేదు. బ్రేకు వేసిన చప్పుడు కూడా రాలేదు. నూకరాజు తల ముందుకి వాలిపోయి ఉంది. కారు తిన్నగా వెళ్లి పీపాల్లోకి దూరింది.

బంపరు లేదు. అడ్డబద్ద నిండా చిల్లులు. కారు ముందు భాగం అప్పడంలా నలిగిపోయి నూకరాజు కాళ్ల మీదికి వచ్చింది. పరదేశినాయుడు పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి వెనకాల ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. దానికి ఏమీ కాలేదు. ఫ్యాను గాలి కొడుతూనే ఉంది. వాడిని బయటికి తియ్యడానికి ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని ఆ కారును పీపాల్లోంచి లేపి పక్కన పెట్టేశారు. అంత తేలిగ్గా ఉంది.

విశాఖపట్నం పెద్దాసుపత్రిలో డాక్టరు చాలాసేపటికి బయటికి వచ్చాడు. కుడికాలు మోకాలి పైనుంచి తీసేయక తప్పలేదని చెప్పాడు. దెబ్బ తగలకముందే ఈ మనిషి స్పృహ తప్పి ఉంటాడని, ఒంట్లో బొత్తిగా శక్తి లేదని అన్నాడు. అప్పుడు అడిగాడు.

"ఇతను కడుపు నిండా తిని ఎన్నాళ్లయింది?"

ఇంజను చప్పుడు విని దాని ఆయుష్షు చెప్పగలిగిన పరదేశినాయుడు ఆ ప్రశ్నకి తల దించుకున్నాడు. వరహాలమ్మే చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆవిడ ఏడవలేదు, మొగుడి వైపు తిరగలేదు. చెప్పడం అయ్యాక చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు నూకరాజు కళ్లు తెరిచాడు. దుప్పటి ఒక పక్క ఎత్తుగా ఉంది, ఇంకో పక్క మంచానికి అంటుకుపోయి ఉంది. వాడు దాన్ని చూశాడు. చూసి, తలుపు దగ్గర లోపలికి రాలేక నిలబడిపోయిన బావను చూశాడు. బావ మొహం ఆ రోజు ఎలా ఉందో, వాడు పుట్టాక అలా ఎన్నడూ చూడలేదు. దగ్గరికి రమ్మని చేత్తో సైగ చేశాడు. పరదేశినాయుడు వచ్చి మంచం పక్కన వంగాడు.

"ఏడవకు బావా" అన్నాడు నూకరాజు, ఎప్పటిలాగే నవ్వించబోతూ. "ఇప్పుడు సరిగ్గా తగ్గాను కదా."

పరదేశినాయుడు నేల మీద కూర్చుని మంచం పట్టె మీద తల ఆనించాడు. నూకరాజు చెయ్యి చాపి, చాలా సేపు, బావ తల నిమురుతూ ఉండిపోయాడు.

గెలవాలన్న పట్టుదల ఉండవలసిందే. కానీ ఆగడం తెలియని పట్టుదల, కోయడానికి వస్తువులు మిగలనప్పుడు, మనల్ని ప్రేమించినవాళ్లనే కోస్తుంది.