డప్పు ఆగాక పలికిన కుండ

చెప్పే నోరూ వినే చెవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ చెప్పుకోదగ్గ కథ ఇది. అనగనగా కలువపురమనే పట్నం. ఆ పట్నంలో ప్రతి బుధవారం పెద్ద సంత. సంత ద్వారం పక్కన, రాతి స్తంభానికి ఆనుకుని, పేరిందమ్మ అనే ముసలామె కుండలు అమ్ముకునేది.

పేరిందమ్మకు ఒక పద్ధతి ఉండేది. కుండను ఎడమ అరచేతి మీద నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో మెల్లగా కొట్టేది. ఖంగుమంటే ఇచ్చేది. బొంగురుగా పలికితే పక్కన పెట్టేది. కొనేవాళ్ళు కూడా ఒకసారి కొట్టి, విని, సరేనని పట్టుకుపోయేవారు. ఆ ఊళ్ళో కుండ బేరం అలాగే జరిగేది.

ఈమధ్య ఆమెకు మరుపు ఎక్కువైంది. పొయ్యి మీద ఎసరు పెట్టి మరిచిపోయేది. తెలిసిన మొహాలకు పేర్లు గుర్తొచ్చేవి కావు. కుండలు మోసే గాడిద బూదిగాడికి మాటలు రావడం ఆమె అదృష్టం.

"అవ్వా, చద్దిమూట మరిచావు."

"తెస్తున్నానులే."

"తలుపుకు గొళ్ళెం కూడా పెట్టలేదు."

"అన్నీ నీకే గుర్తుంటే ఇంక నేనెందుకురా?"

"కుండలు చెయ్యడానికి. నాకు చేతులు లేవు కదా."

ఇంత మరుపులోనూ సంతకు దారి మాత్రం ఆమె ఎప్పుడూ తప్పలేదు. నలభై ఏళ్ళుగా ఆ స్తంభం దగ్గరికి ఆమె కాళ్ళు వాటంతటవే నడిచేవి.

ఆ ఏడు వేసవి మొదట్లో చిత్రదత్తుడనే వర్తకుడు బండ్లకొద్దీ కుండలతో వచ్చాడు. ప్రతి కుండ మీదా రంగురంగుల పూలు. అతని కన్ను సంత ద్వారం మీద పడింది. సంతను చూసుకునే బలదేవుడి దగ్గరికి వెళ్ళి, "అంత మంచి చోటు అంత చిన్న కొట్టుకు ఎందుకండీ?" అన్నాడు.

బలదేవుడు ఆలోచించి ఒక తీర్పు చెప్పాడు. "మూడు సంతలు చూస్తాను. ఎవరి ముందు ఎక్కువమంది ఆగితే వారిదే ఆ చోటు. మనిషి ఆగితే వారి పళ్ళెంలో ఒక చింతగింజ వేయిస్తాను. తక్కువ గింజలు వచ్చినవారు కాలువ అవతలికి వెళ్ళాలి."

పేరిందమ్మ బూదిగాడి దగ్గరికి వచ్చింది. "కాలువ అవతలికి నాకు దారి తెలియదురా. నేర్చుకున్నా నిలవదు. ఏదో ఒక బుధవారం ఎటో వెళ్ళిపోతాను."

బూదిగాడు చెవులు వాల్చాడు.

మొదటి సంతకు చిత్రదత్తుడు పన్నెండు డప్పులు తెప్పించాడు. "పూలకుండ, పూలకుండ, ఇంటికొక పూలకుండ" అని పాట కట్టించాడు. జనం ఆగారు. అతని పళ్ళెంలో చింతగింజలు గుట్టపడ్డాయి.

రెండో సంతకు పేరుమోసిన మల్లుడు ఒకడు వచ్చాడు. పూలకుండ ఎత్తి గటగటా నీళ్ళు తాగి, మీసం తుడుచుకుని, "నా బలం ఈ కుండలోదే" అన్నాడు. కుర్రాళ్ళంతా ఎగబడ్డారు.

"ఆయన తాగేది వెండిచెంబుతో" అన్నాడు బూదిగాడు.

"నీకెలా తెలుసురా?"

"మా పెద్దమ్మ కొడుకు ఆయన ఇంటి బట్టలు చాకిరేవుకు మోస్తాడు."

మూడో సంతకు ముందు చిత్రదత్తుడు ముప్పై చిలకలను ఊరి మీదికి వదిలాడు. అవి కిటికీల మీద వాలి, ఇళ్ళలో మాటలు విని, మర్నాడు మళ్ళీ వచ్చేవి. "సుభద్రత్తా, నీ కుండ కారుతోందటగా. పూలకుండ చూడరాదూ?" అనేవి. "వీరన్న మామా, కూతురి పెళ్ళటగా. పది పూలకుండలు చెప్పమంటావా?" అనేవి. మన సంగతులన్నీ వీటికి ఎంత బాగా తెలుసో అని ఊరంతా మురిసింది.

పేరిందమ్మ మాత్రం చిన్నబోయింది. "నలభై ఏళ్ళుగా చూస్తున్న వాళ్ళ పేర్లు నాకు గుర్తు లేవు. నిన్నగాక మొన్న వచ్చిన పక్షికి అందరి పేర్లూ తెలుసు."

"నా పేరూ తెలుసు దానికి" అన్నాడు బూదిగాడు. "గడ్డి మాత్రం పెట్టలేదు."

మూడో బుధవారం వచ్చింది. డప్పులు, పాటలు, పంజరాల్లో చిలకలు అన్నీ ఒక్కసారే మోగాయి. పక్కమనిషి మాట పక్కమనిషికి వినపడడం లేదు. ఒకామె పేరిందమ్మ ముందు ఆగి కూజా అడిగింది. పేరిందమ్మ కూజాను అరచేతి మీద నిలబెట్టి కొట్టింది. వినపడలేదు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ కొట్టింది. అయినా వినపడలేదు.

"డప్పు ఆగాక రా తల్లీ. అప్పుడిస్తాను" అంది.

ఆమె వింతగా చూసి వెళ్ళిపోయింది. తరవాత వచ్చిన ఇద్దరికీ అదే జవాబు. ఇది చూసి మిగిలినవారు ఆగడం కూడా మానేశారు.

బూదిగాడు ఇక ఉండలేకపోయాడు. "అవ్వా, నీ చేత్తో చేసిన కుండలే కదా. ఇచ్చెయ్యరాదూ? చోటు పోతుంది."

"పొద్దున వీటిని కొట్టి చూశానా?"

"నేను చూడలేదు."

"నాకూ గుర్తు లేదు. దారిలో ఏది దేనికి తగిలిందో తెలియదు. వినకుండా ఎలా ఇవ్వనురా? ఎండల్లో ఎవరింట్లోనో మంచినీళ్ళన్నీ కారిపోతాయి."

అలా అని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాలువ వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి బలదేవుడు గింజలు చూడవచ్చాడు. చిత్రదత్తుడి పళ్ళెం పొంగిపోతోంది. పేరిందమ్మ పళ్ళెంలో ఆ రోజు పడ్డవి మూడే గింజలు.

"చలివేంద్రాలకు నూరు కుండలు కావాలి. చోటు పోయినా నీ దగ్గరా కొన్ని కొంటానమ్మా. ఇవ్వు" అన్నాడు జాలిగా.

"ఇప్పుడివ్వను బాబూ. డప్పు ఆగాలి."

"డప్పుకూ కుండకూ ఏమిటి సంబంధం?"

"కుండ ఏమంటుందో వినపడాలి కదా."

బలదేవుడు నవ్వి చేతికర్ర పైకెత్తాడు. డప్పులు ఆగాయి. పాట ఆగింది. పంజరాల మీద గుడ్డలు కప్పగానే చిలకలూ ఊరుకున్నాయి.

సంత అంతా నిశ్శబ్దమైంది. పేరిందమ్మ మొదటి కుండను కొట్టింది. ఖంగుమంది. రెండో కుండను కొట్టింది. అదీ ఖంగుమంది. మూడో కుండ బొంగురుగా పలికింది.

"ఇది దెబ్బతింది. ఇవ్వను" అని పక్కన పెట్టింది.

ఆ మూడు చప్పుళ్ళూ సంత చివరిదాకా వినిపించాయి. పూలకుండ చంకన పెట్టుకుని వెళ్తున్న సుభద్రత్త ఆగింది. ఆమె వేలు దానంతటదే ముడుచుకుని కుండను కొట్టింది. ఎన్నో ఏళ్ళ అలవాటు అది. బొంగురుగా పలికింది. ఆమె పక్కన వీరన్న తన కుండను కొట్టాడు. అదీ అంతే. ఒకరి తరవాత ఒకరు కొడుతూ పోయారు. సంతంతా బొంగురు చప్పుళ్ళే. సుభద్రత్త గోటితో ఒక పువ్వును గీకింది. రంగు కింద మైనం, మైనం కింద నెర్రె.

ఎవరూ కేకలు వేయలేదు. అందరూ చిత్రదత్తుడి వైపు చూశారు. అతను తల వంచుకుని, "ఇన్ని బండ్లు ఎక్కించాను, ఇన్ని డప్పులు కొట్టించాను. కుండను మాత్రం ఎప్పుడూ కొట్టి చూడలేదు. నెర్రె కనబడితే రంగు వేయించాను" అన్నాడు.

బలదేవుడు రెండు పళ్ళాల్లోని గింజలనూ కలిపి పారబోశాడు. "తప్పు నాది కూడా. ఎంతమంది ఆగారో లెక్కపెట్టాను. ఏం పట్టుకుని వెళ్ళారో చూడలేదు. కొన్నవారికి మంచి కుండలిచ్చేదాకా చిత్రదత్తుడు ఊరు దాటకూడదు. స్తంభం దగ్గరి చోటు పేరిందమ్మది. కుండలు అమ్మే వీధిలో ఇకమీదట డప్పు లేదు."

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక చిత్రదత్తుడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఎలా కొట్టాలో చూపించవ్వా" అన్నాడు.

ఆమె అతని వేలు పట్టుకుని చూపించింది. తరవాత నెమ్మదిగా అడిగింది. "నీ పేరేమిటన్నావు నాయనా?"

"చిత్రదత్తుడు."

"వచ్చే బుధవారానికి మరిచిపోతాను. ఏమీ అనుకోకు."

"నేను గుర్తు చేస్తాలే" అన్నాడు బూదిగాడు. "ముందు ఇంటికి పద. పొద్దున గొళ్ళెం పెట్టలేదు."

పిల్లలూ, ఎంత గట్టిగా చాటినా, ఎంతమంది గుమిగూడినా సరుకు మంచిదైపోదు. ఇచ్చేవారు ఇచ్చే ముందు, కొనేవారు కొనే ముందు ఒక్క క్షణం ఊరుకుని విని చూసుకోవాలి.