డిసీజ్ అన్న మాట

యూనుస్ మాస్టారికి జ్వరం పట్టుకుంది. బళ్ళో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం మానేసి, పెన్న ఒడ్డున చిన్న దర్గాలో ఉండే లతీఫ్ బాబా దగ్గర శిష్యుడిగా చేరి మూడేళ్ళయింది. ఇన్నాళ్ళలో తుమ్మైనా తుమ్మని మనిషి, ఇప్పుడు చాప మీంచి లేవలేకపోతున్నాడు.

జ్వరం వస్తే వచ్చింది, దానికేం! అతన్ని తినేస్తున్న దిగులు వేరే ఉంది. పిల్లలకి మాటల్ని విరిచి అర్థం చెప్పిన అలవాటు ఎక్కడికి పోతుంది? జబ్బుని ఇంగ్లీషులో డిసీజ్ అంటారు కదా, దాన్ని విరిచాడు. ఈజ్ అంటే హాయి, నెమ్మది. డిస్ అంటే అది లేకపోవడం. పూర్వం ఆ మాటకి అంతే అర్థం, రోగం అన్న అర్థం తర్వాత వచ్చి చేరింది. అంటే లోపల నెమ్మది లేనివాడికే జబ్బు! తన ధ్యానమంతా ఏట్లో కలిసిందని తేల్చుకుని, ఎలాగో లేచి బట్టలు మూటకట్టాడు.

బాబా వచ్చేసరికి మూట పక్కనే ఉంది. యూనుస్ ఆ మాట కథంతా చెప్పి, తనలాంటివాడు ఇక్కడ ఉండతగడని, సెలవిప్పించమని అడిగాడు.

బాబా అంతా విన్నారు. మాట బావుందన్నారు. వెళ్ళి గోరువెచ్చటి గంజిలో ఉప్పేసి తెచ్చి, దగ్గరుండి తాగించారు. తర్వాత కిందికి జరిగి, అతని కుడికాలు ఒళ్ళోకి తీసుకుని ఒత్తడం మొదలుపెట్టారు.

యూనుస్ ప్రాణం చివుక్కుమంది. గురువు చేత కాళ్ళు పట్టించుకోవడమా! వెనక్కి లాక్కోబోయాడు, బాబా వదిలితేగా. ఆ ముసలి వేళ్ళు పిక్కలో నొప్పిని వెతికి వెతికి పట్టుకున్నాయి. కాసేపటికి బిగదీసుకున్న ఒళ్ళు దానంతటదే వదులైంది.

"ఎలా ఉంది నాయనా?"

"హాయిగా ఉంది బాబా," అనేశాడు యూనుస్, ఆలోచించకుండానే.

బాబా అతని నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. "ఒళ్ళింకా కాలిపోతోందే."

"అవును బాబా."

"మరి ఆ ఈజ్ ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా?"

యూనుస్ తన కాలు పట్టిన ఆ ముసలి చేతులకేసి చూశాడు. ఇంతకాలం తనే గురువుకి సేవ చేస్తున్నాననుకున్నాడు. ఎంత పిచ్చివాణ్ణనుకుని, ఆ రెండు చేతుల్నీ అందుకుని కళ్ళకద్దుకుని భోరుమన్నాడు.

బాబా చేతులు విడిపించుకున్నారు.

"ఏడవడం తర్వాత. ఆ రెండో కాలు ఇలా ఇవ్వు."