తాటిదుంగ పరీక్ష

వానకారు మొదట్లో ఆ కొండకింద మబ్బులు బాగా కిందికి దిగుతాయి. ఏవి మేకలో, ఏవి మబ్బు తునకలో పోల్చుకోలేం. మబ్బులు కూడా గడ్డి మేస్తున్నట్టే ఉంటాయి.

వాగు పొంగకముందే మేకలన్నీ తాటిదుంగ మీదుగా అవతలి కొండకు చేరాలి. ఏటా ఉన్నదే. ఈసారి పిల్లలు దుంగ దాటగలవో లేదో పరీక్షించే పని మంద పెద్ద గడ్డాలపోతు నక్కకు అప్పగించాడు. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టయింది.

"చుక్కమ్మా, అవతలి గట్టున కదలకుండా నిలబడు. నీ మెడలో గంట మోగకూడదు" అంది నక్క.

ఆ తల్లిమేక చుక్కమ్మ కూతురు బుల్లిమచ్చ దుంగెక్కి, గాలిలో కాలు పెట్టి, దబ్బున మోకాల్లోతు నీళ్ళలో పడింది.

"అయ్యో పాపం! మొక్కై వంగనిది మానై వంగుతుందా? దీన్ని ఇక్కడే వదిలి వెళ్ళండి. కంటికి రెప్పలా చూసుకుంటా" అంది నక్క, మూతి నాక్కుంటూ.

గడ్డాలపోతు తలూపాడు. "ఒక్కదాని కోసం మందంతా ఆగుతుందా?"

చుక్కమ్మ ఏడుస్తూ గేదె పెద్దమ్మ దగ్గరకు పోయింది. మడుగు ఒడ్డున పెద్దమ్మ సగం నిద్రలో, సగం నెమరులో ఉంది.

"పడిందన్నారు సరే. ఎందుకు పడిందో చెప్పారా?"

"ఎవరూ చెప్పలేదు పెద్దమ్మా."

"అయితే దాన్ని నా దగ్గర ఆడుకోనీ. వాగు పొంగేదాకా గడువుందిగా."

బుల్లిమచ్చ ఆ నల్లటి వీపు ఎక్కింది, జారింది, మళ్ళీ ఎక్కింది. పెద్దమ్మ కదల్లేదు. ఆ చిన్న డెక్కల బరువును కలలో వింటున్నట్టు పడుకుంది. ముక్కు ముందు నుంచి కొంగ ఎగిరిపోయినా పిల్ల తల తిప్పలేదు. మబ్బులో ఎక్కడో తల్లి గంట మోగగానే మాత్రం చెవులు నిక్కించి గంతేసింది.

"కాళ్ళు గట్టివే తల్లీ. చూపు మందం, చెవి చురుకు. తొందరపెట్టకపోతే డెక్కతో తడిమి మరీ అడుగేస్తోంది" అంది పెద్దమ్మ.

"చూపు వస్తుందా పెద్దమ్మా?"

"అది నాకు తెలీదే. ఉన్నదాంతో నడిపిద్దాం. నువ్వు గంట మోగిస్తూ ముందు నడువు."

మొదట నేలమీద దుంగ, తర్వాత చిన్న గుంటమీద దుంగ. "తడుము. గట్టిగా ఉంటేనే బరువెయ్యి" అనేది పెద్దమ్మ, కళ్ళు తెరవకుండానే.

పొదలో నక్క ఇదంతా విన్నది. బండెద్దు మెడలోంచి జారిన గంటొకటి దొరికితే నోట కరుచుకుని దాచుకుంది.

దాటే రోజు లోకమంతా తెల్లటి పాలలో మునిగినట్టుంది. చుక్కమ్మ దుంగెక్కింది. అంతలో పక్కనుంచి ఇంకో గంట! బుల్లిమచ్చ అటు తిరిగింది. గణగణ మోగిస్తూ నక్క వెనక్కి జరిగింది. పిల్ల ముందు డెక్కతో తడిమి ఆగిపోయింది.

"అమ్మా, ఇక్కడ నేల మెత్తగా ఉందే! నువ్వెక్కడ?"

"ఇటు, నా బంగారూ!" చుక్కమ్మ మెడ విదిల్చి గంట మోగించింది. పిల్ల అటు మళ్ళింది. తడిమింది, బరువేసింది, తడిమింది, బరువేసింది. దుంగ దాటేసింది.

ఇంకా వెనక్కే జరుగుతున్న నక్క ఊబిలో పొట్టదాకా దిగబడింది. గంట నోట్లోంచి జారిపోయింది. గట్టున నిలబడ్డ గేదెను చూసి కేకేసింది.

"పెద్దమ్మగారూ! ఒక్కసారి కొమ్ము అందించండి!"

"నీ పరీక్ష ప్రకారం పడ్డవాళ్ళని వదిలి పోవాలి కదూ నాయనా?"

"అయ్యో, అంతమాట అనకండి!"

"భయపడకు. నాకా పరీక్ష రాదులే. ఎంత లోతు దిగావో, ఎందుకు దిగావో నిదానంగా చూసి, అప్పుడు లాగుతా."

ఆ చూడటం సాయంత్రందాకా సాగింది. అప్పటికి కొండమీది మబ్బుల్లో తల్లీబిడ్డలిద్దరికీ కలిపి ఒకటే గంట వినిపిస్తూ ఉంది.

నీతి: పిల్ల ఎక్కడ తడబడుతుందో చూడటం, మనం ఎక్కడ ఆసరా ఇవ్వాలో తెలుసుకోవడానికే.