నేలగువ్వ మింగేసిన రెండక్షరాలు

ఒకప్పుడు నేలగువ్వ పెద్ద వాగుడుకాయ. చెట్టన్నదే మొలవనంత ఎత్తున, కొండ నెత్తిమీది గడ్డిలో దాని కాపురం. అక్కడ గాలి బొత్తిగా పలచన. నాలుగడుగులు వేస్తే మేఘాలకే ఆయాసం వస్తుంది. అయినా మన గువ్వ నోరు మూస్తేనా!

దాని పేరు పిసరు. మనిషీ పిసరంతే, అదే, పిట్టా పిసరంతే. ఒకనాడు అది గడ్డిదుబ్బు చాటున, నేలమీదే, రెండు గుడ్లు పెట్టింది. చెట్లే లేనిచోట ఇంకెక్కడ పెడుతుంది పాపం!

ఇంతలో లామా అత్త వచ్చింది. లామా అంటే ఆ కొండల్లో మేసే, ఒంటెకు చుట్టమైన జంతువు. ఒంటినిండా ఉన్ని, బారెడు మెడ, బండెడు బరువు. మేసి మేసి కాళ్లు పీకుతున్నాయేమో, సరిగ్గా గుడ్ల మీదే చతికిలబడబోయింది.

పిసరు అది చూసింది. పరుగున వచ్చి అరిచింది.

"అత్తా! కూర్చో..."

అంతే, ఊపిరి అందలేదు. "కు" గొంతులోనే ఉండిపోయింది.

"అబ్బ, ఎంత మర్యాదే నీకు! పిలిచి మరీ కూర్చోమంటున్నావు" అని లామా అత్త మురిసిపోయి ముందుకాళ్లు మడిచింది.

"అయ్యో అత్తా! కూర్చో..." మళ్లీ ఊపిరి ఆగింది.

"కూర్చుంటాలేవే తల్లీ, ఎన్నిసార్లు బతిమాలతావు!"

వెనకకాళ్లూ వంగాయి. గుడ్లమీద చీకటి కమ్మింది. పిసరుకు ఏడుపు తన్నుకొచ్చింది. పిల్లలు పుట్టకుండానే అప్పడాలైపోతారే!

అరిచి అరిచి ఇక ఒక్కో ఊపిరికి ఒక్క అక్షరమే పలుకుతోంది. ఏది అనాలి? ఎప్పుడూ వెనకబడిపోతున్న ఆ చివరిదాన్నే ముందు అనేస్తే?

పిసరు అత్త తోక కిందికి దూరి, రెక్కలు టపటపా కొట్టి, "కు! కు! కు!" అంది.

లామా అత్త కెవ్వుమని గంతేసింది. దూరంగా నిలబడి, మెడ తిప్పి చూసింది. గుడ్లు కనబడ్డాయి.

"కూర్చో... కు. ఓసి నీ దుంపతెగ! కూర్చోకు అనా నువ్వన్నది? ఆ ముక్క ముందే అని చావొచ్చుగా!"

 పిసరు గుడ్లెక్కి కూర్చుని వెచ్చగా పొదువుకుంది.

అప్పటినుంచే నేలగువ్వ కబుర్లు మానేసింది. గడ్డిలో ఎవరు అడుగు వేయబోయినా కాళ్లకింద నుంచి టపటపా లేచి "కు! కు!" అంటుంది. మిగతా రెండక్షరాలూ ఇంకా దాని గొంతులోనే ఉన్నాయి. అందుకే కూసినప్పుడల్లా ఆ గొంతు అంత లావున ఉబ్బుతుంది.