రాజుగారి గంగాళం, గౌరమ్మ గిట్ట

తీర్థయాత్రలో వేడినీటి గుండంలో మునిగి వచ్చినప్పటినుంచీ చింతలగిరి రాజు కొండభూపతికి ఇంటి స్నానం రుచించడం మానేసింది. తోటలో ఎత్తుగా చెక్కమంచె కట్టాలి, దానిమీద పెద్ద రాగి గంగాళం నిండా వేడినీళ్లుండాలి, అందులో మెడదాకా కూర్చుని తాను కొండల్ని చూడాలి. అదీ ఆయనగారి ముచ్చట. రాజు తలుచుకుంటే మంచెలకు కొదవా!

ఆస్థాన శిల్పి మార్కండాచారి పక్షం తిరక్కుండా కట్టేశాడు. స్తంభాలు నాజూగ్గా, చిలకల చెక్కడాలతో చూడముచ్చటగా ఉన్నాయి. ఖాళీ గంగాళం పైకెక్కించి, పక్కన తానూ నిలబడి, చూశారా, చెక్కుచెదరలేదు అని మీసం దువ్వాడు. ఆచారి గాలికి ఎగిరిపోయేంత మనిషి. రాజుగారు కూర్చుంటే మాత్రం సింహాసనం కనపడదు. కానీ కొలువులో ఆయన బరువు ఊసెత్తే ధైర్యం ఎవరికుంది? "పువ్వులాంటి ప్రభువులు" అని పొగిడీ పొగిడీ, పాపం, ఆచారి అదే నిజమనుకుని కట్టాడు. నీళ్ల బరువైతే తట్టనే లేదు.

విదూషకుడు తిప్పన్న ఆ స్తంభాలు చూడగానే ఇవి ఆగేవి కావని పసిగట్టాడు. విరిగితే నెత్తిన పడేంత దగ్గర్లో నీళ్లు కాచే పొయ్యి ఉంది. అక్కడ కట్టెలు ఎగదోసేది అతన్ని పెంచిన మేనత్త ఆదెమ్మ. పోనీ నోరు విప్పుదామా అంటే, శుభమా అని స్నానం చేయబోతుంటే అపశకునం పలికినవాడు కొలువు వదిలి పోవలసిందేనని రాజు ముందే చాటించాడు.

ముహూర్తం వేళయింది. రాజు మెట్టెక్కబోతుంటే తిప్పన్న చేతులు జోడించి, కొత్త కట్టడంలో ముందు ఆవు అడుగుపెట్టాలి కదా, తర్వాతే యజమాని అని గుర్తుచేశాడు. పురోహితుడు ఔనౌనన్నాడు. రాజూ తలూపాడు. గోశాల నుంచి గౌరమ్మ అనే బలిసిన ఆవు మెడగంట ఊపుకుంటూ తీరుబడిగా వచ్చింది.

అది మొదటి మెట్టుమీద గిట్ట పెట్టిందో లేదో, మార్కండాచారి పరుగున వచ్చి అడ్డంపడ్డాడు.

"వద్దు ప్రభూ! ఆవు ఎక్కితే మంచె కూలుతుంది!"

అపశకునం పలికింది తానేనని తెలిసి ఆచారి నాలుక కరుచుకున్నాడు. తిప్పన్న మాత్రం ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"అదేమిటి ఆచారిగారూ, ఒట్టి ఆవునే మోయలేని మంచె, ఇన్నేళ్లుగా దాని పాలూ పెరుగూ నెయ్యీ ఆరగించిన ప్రభువుల్ని గంగాళం నీళ్లతో సహా ఎలా మోస్తుందండీ?"

రాజు ఆవును చూశాడు. తన బొజ్జను చూసుకున్నాడు. పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి చేతికింది స్తంభం కిర్రుమనేసరికి గబుక్కున చెయ్యి తీసేసి మళ్లీ నవ్వాడు.

ఆచారిని కొలువు నుంచి పంపలేదు. మొద్దు టేకు స్తంభాలతో మళ్లీ కట్టమన్నాడు. నీళ్లు నింపి ముందు అతన్నే కూర్చోమన్నాడు. గౌరమ్మను తిప్పన్నకు బహుమతిగా ఇచ్చేశాడు. దాని నెయ్యి తనకిక కాస్త తక్కువైనా ఫరవాలేదట.

పొయ్యి దగ్గర నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటున్న ఆదెమ్మ లేచి వచ్చి గౌరమ్మ పలుపు అందుకుంది.