అనుమక్క దాచుకున్న మొహం

“రెక్కలు గట్టిపడిన రోజే కొండకు వదిలేస్తాం.”

ఇది రాజుగారి మాట. మాట మాటగానే మిగిలింది. ఎలాగో వినండి.

అనగా అనగా, కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, ఒక రాజ్యంలో రాబందులు మాయమయ్యాయి. చచ్చిన గొడ్లు ఊరి బయటే కుళ్ళాయి. రోగాలు వచ్చాయి. ఛీ అన్న పక్షే తమను కాచిందని జనానికి అప్పుడు తెలిసింది.

మూడు దేశాల జంతుశాలలు సాయానికొచ్చాయి. ఒకటి గుడ్డు పంపింది. ఒకటి పొదిగించే విద్య చెప్పింది. ఒకటి హెచ్చరించింది: “మనిషిని మరిగిన పక్షి కొండమీద బతకదు. పిల్లకు మీ మొహం చూపకండి.”

మొహం చూపకుండా మేత పెట్టేదెవరు? తోలుబొమ్మలాడించే అనుమక్క వచ్చింది. తోలుతో రాబందు తల చేసి చేతికి తొడుక్కుంది. పిల్ల ఉన్న పంజరం పక్కన తెర వెనక కూర్చుని, ఆ బొమ్మ ముక్కుతో మాంసం అందించింది. పిల్ల తింది.

“దేవుళ్ళను ఆడించిన చేత్తో పీనుగులు తినేదాన్ని ఆడిస్తావేమే?” అని తోటివాళ్ళు నవ్వారు.

“దేవుళ్ళెప్పుడూ నన్ను అన్నం అడగలేదురా. ఇది అడిగింది.”

పిల్లకు రెక్కలొచ్చాయి. చూడటానికి జనం విరగబడ్డారు. రాజుకు ముచ్చటేసింది.

“రెక్కలొచ్చాయి దొరా, వదలండి” అంది అనుమక్క.

“వానలు పోనీ.”

“రెక్కలొచ్చాయి దొరా, వదలండి.”

“జాతర పోనీ.”

“రెక్కలొచ్చాయి దొరా, వదలండి.”

“ఈ పంజరమే లేకపోతే అది పుట్టేదా? ఇక్కడే ఉండనీ!”

అనుమక్క తికమకపడింది. దొర అన్నదీ నిజమే. పుట్టించింది పంజరమే, పట్టి ఉంచిందీ పంజరమే. దండం పెట్టాలా, తిట్టాలా? ఆమెకు తేలలేదు. చెబుతున్న నాకూ తేలడం లేదు.

తేలకుండానే తలుపు తీసింది. పక్షి కదల్లేదు. బొమ్మ వైపే నోరు తెరిచింది. అప్పుడు అనుమక్క బొమ్మను పారేసింది. తెర చించింది. మొదటిసారి మొహం చూపి, బొమ్మలాట కంచు తాళాలు మోగిస్తూ అరిచింది: “పో! పోవే!”

పక్షి బెదిరి కొండకు ఎగిరిపోయింది. పెంచిన తల్లి మొహం దానికి భయంగానే గుర్తుండిపోయింది.

రాజు అనుమక్కను అదే పంజరంలో పెట్టించాడు. అక్కడే ఆమె పోయింది. ఆ రోజు పంజరం మీద ఒక రాబందు తిరిగింది. తల్లి కోసం వచ్చిందని కొందరు, శవం కోసం వచ్చిందని కొందరు. ఏది నిజమో?

ఇప్పటికీ ఆ కొండ కింద రాబందు నీడ పడితే ఆడవాళ్ళు కొంగుతో మొహం కప్పుకుంటారు. జంతుశాలలో గుడ్డు పగిలి పిల్ల వచ్చిందంటే వెళ్ళి దండం పెడతారు. రెక్కలొచ్చాక మళ్ళీ వెళ్ళి మూడుసార్లు అడుగుతారు: “ఎప్పుడు వదులుతారు?” దండం పెట్టిన చేతులే పిడికిళ్ళవుతాయి.

“ఆకాశం ఎవడబ్బ సొత్తూ కాదు! ఏరువాక పున్నమిలోపు జవాబు చెప్పాలి!”